చలికాలం బూట్లు, షూలు: మన వరంగల్ దిక్కు అందరు అడిగే ప్రశ్నలు

హన్మకొండల ఒక షూ దుకాణంల ఆరేండ్లు పనిజేసిన. ఇప్పుడు ఆ పని ఇడిసిపెట్టిన గని దీపావళి దాటిందంటె చాలు ఫోన్ మోగుడు షురూ అయితది, "అన్నా బూట్లు కొనాలె, ఏవి కొనాలె" అని. ఒక్కొక్కలకు చెప్పీ చెప్పీ నోరు నొస్తున్నది, అందుకే అందరు అడిగేటియి ఒక్కకాడ రాసిపెట్టిన. నచ్చనియి నచ్చలేదనే రాసిన, దుకాణంల ఉన్నప్పుడైతె మా సేటు ఇట్ల మాట్లాడనిస్తుండెనా.

అసలు మన వరంగల్‌ల బూట్లు వేసుకునేంత చలి ఉంటదా అన్నా?

ఉంటది, గని రోజంత ఉండది. సంగతి మొత్తం దీంట్లనే ఉన్నది. డిసెంబర్, జనవరిల పొద్దుగాల 12 నుంచి 15 డిగ్రీల కాడ ఉంటది, ఉత్తరం దిక్కు నుంచి చలిగాలులు వస్తె ఇంకింత దిగుతది, అదే రోజు మధ్యాహ్నం 28, 30 అయితది. అంటే ఒక్క దినంలనే రెండు కాలాలు. మనం ఫోన్ల చూసే బూట్ల వీడియోలు అన్ని రోజంత మైనస్‌ల ఉండే ఊర్లయి, ఆ లోపల బొచ్చు ఉన్న బూటు వేసుకొని పొద్దుగాల 7 గంటలకు కాజీపేట నుంచి బయలెల్లితె మస్తుగనే ఉంటది, మధ్యాహ్నం ములుగు రోడ్డు మీద సిగ్నల్ కాడ నిలబడ్డప్పుడు కాళ్లు కుక్కర్ల పెట్టినట్టు ఉడికిపోతయ్. ఇగ ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు లెక్క వేరే, సిర్పూర్, తిర్యాణి అసొంటి కాడ పొద్దుగాల ఒంటి అంకెల్లకు పడిపోతది, అక్కడోళ్లు కొంచెం మందంగ ఉన్నది తీసుకున్నా తప్పు లేదు.

నాకైతె ఒక గుర్తు ఉంది. ఇంట్ల కొబ్బరినూనె సీసా గడ్డకట్టిందంటె బయట బూట్లు తీసే రోజులు దగ్గరికొచ్చినట్టు. అది 24 డిగ్రీలు దాటి కిందికి దిగితె గడ్డకడతది, మనోళ్ల ఇండ్లల్ల నవంబర్ల పొద్దుగాల మొదలయితది.

ఇంకోటి, మనకు నిజంగ ఇగం తగిలేది నడిచేటప్పుడు కాదు, బండి మీద. బండి 40, 50ల పోతుంటె గాలి డైరెక్టుగ పాదం మీద కొడతది. చలేస్తె ఒళ్లు మొదలు చేతులకు, కాళ్లకు పోయే రక్తాన్నే తగ్గిస్తది, లోపల గుండె, కడుపు వెచ్చగ ఉండాలని, అందుకే ఒంటి మీద రెండు స్వెటర్లు ఉన్నా కాలి వేళ్లు మొద్దుబారుతయ్. చెప్పులేసుకొని మబ్బుల్ల ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి ఏసుకపోయే రైతులను అడుగు, చెప్తరు.

అయితె బూట్లా, మామూలు షూలా, స్నీకర్సా? ఒక్కటే జత కొనే పైసలున్నయ్.

ఒక్కటే జత అంటె చీలమండ దాక కప్పే పల్చటి బూటు, లోపల బొచ్చు లేనిది, రబ్బర్ సోల్ ఉన్నది. ముఖ్యంగ తాళ్లు లేనిది. తాళ్లు ఎందుకు వద్దంటున్ననంటె, మనం రోజుకు ఎన్నిసార్లు చెప్పులు విడుస్తమో ఎన్నడన్న లెక్కవెట్టినవా? ఇంట్లకు పోతె విడుస్తం, దోస్తు ఇంటికి పోతె విడుస్తం, భద్రకాళి గుడి, వెయ్యి స్తంభాల గుడి, రామప్ప, ఆఖరికి కొన్ని బట్టల దుకాణాల్ల గద్దె ఎక్కాలన్నా విడుసుడే. ఆరు రంధ్రాల తాళ్ల బూటు తెల్లోళ్లకు పనికొస్తది, వాళ్లు పొద్దుగాల వేసుకుంటె రాత్రి దాక తియ్యరు. మనకు పక్కకు ఎలాస్టిక్ ఉండి గుంజితె ఎక్కే చెల్సీ బూటు గాని, పక్కకు జిప్పు ఉన్నది గాని కావాలె. ఈ చెల్సీ మోడల్ కూడ అట్ల తొందరగ వేసుకొని తీసేటందుకే పుట్టింది, ఇంగ్లండ్‌ల విక్టోరియా రాణికి బూట్లు కుట్టిన స్పార్క్స్ హాల్ అనే ఆయన 19వ శతాబ్దంల ఎలాస్టిక్ పెట్టి చేసిండు.

బండి మీద కాకుండ బస్సుల పోయి ఆఫీసుల కూసునే పని అయితె బూటు అవుసరమే లేదు, మామూలు షూ, మంచి సాక్స్ చాలు. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుగాల వాకింగ్ చేసేటోళ్లకు వాకింగ్ షూనే, బూట్లేసుకొని వాకింగ్ చేసేటాయనను ఒకర్ని చూసిన, మోకాళ్లు పట్టుకొని కూసుండు పాపం. మెష్ ఉన్న స్పోర్ట్స్ షూ మాత్రం బండి మీదికి దండగ, ఆ జల్లెడల నుంచి గాలి అంత లోపలికే వస్తది.

లెదర్ అని చెప్పి రెగ్జిన్ అంటగడుతున్నరు. ఎట్ల గుర్తుపట్టాలె?

అగ్గిపుల్ల పెట్టి కాల్చి చూస్త అనేటోళ్లు దుకాణంల దినాం ఒకలు వస్తుండె. ఆ పని చెయ్యకుండ్రి, దుకాణమాయన నిన్నే కాలుస్తడు.

వేలుతోటి ఒత్తి చూడు. అసలు తోలు అయితె వేలి చుట్టూ సన్నటి ముడతలు పడతయ్, పైనున్న గీతలు ఒక్కతీరుగ ఉండయ్, ఒకకాడ దట్టంగ, ఒకకాడ పల్చగ. రెగ్జిన్ మీద డిజైన్ అచ్చుగుద్దినట్టు అంతటా ఒక్క లెక్క ఉంటది. మడిమ కాడ, నాలుక కాడ కోసిన అంచు కనవడతది, అక్కడ చూడు, తోలు అంచు గరుకుగ, పోగులు పోగులుగ ఉంటది, పీయూ, అంటె పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తోటి చేసిన రెగ్జిన్, దాని అంచుల గుడ్డ పొర, మీద ప్లాస్టిక్ పొర రెండు వేరేవేరే తెలుస్తయ్. కొన్ని షూల లోపల గాని అడుగు మీద గాని చిన్న బొమ్మలుంటయ్, పశువు తోలు పరిసినట్టున్న బొమ్మ ఉంటె లెదర్, డైమండ్ ఆకారం ఉంటె వేరే మెటీరియల్, జల్లెడ లెక్క ఉంటె గుడ్డ. ఇది యూరప్ పద్ధతి, బయటి దేశాలకు పోయే మాల్ మీద ఎక్కువ కనవడతది, మన ఆగ్రా, కాన్పూర్, ఆంబూరుల తయారయ్యేటియి చానా బయటికే పోతయ్ గదా.

గని పీయూ అంటె పాపం ఏం కాదు. రెండు చలికాలాలు వేసుకొని వదిలేస్త అనుకుంటె పీయూ తీసుకో, తక్కువల వస్తది, పాలిష్ లొల్లి ఉండదు. దాన్ని లెదర్ ధరకు కొనుడే తప్పు. నేను ఒకపారి ఆన్‌లైన్ల లెదర్ అని రాసున్న బూటు 3,200 పెట్టి తీసుకున్న, రెండో ఏడు ముంగట వంగేకాడ పాము కుబుసం ఇడిసినట్టు పొట్టు లేసింది. షూ దుకాణంల పనిజేసినోణ్ని నేనే మోసపోయిన, ఇగ మీ సంగతేంది.

నాది 8 నంబర్. ఒక కంపెనీది సరిపోతది, ఇంకో కంపెనీది పడతలేదు. ఎందుకు?

మన దగ్గర డబ్బా మీద ఉండే నంబర్ ఎక్కువ శాతం యూకే సైజు, అది ఇంగ్రేజోళ్ల పాలనల వచ్చింది, వాళ్ల కాళ్ల కొలతలు. యూకే 8 అంటె సుమారుగ యూరప్ 42, అమెరికా మొగోళ్ల సైజుల 9. కొన్ని కంపెనీలు ఒక అర నంబర్ అటిటు చేస్తయ్, అందుకే నంబర్ల లొల్లి వదిలిపెట్టి డబ్బా మీద సెంటీమీటర్లల ఏముందో చూడు. ఇంట్ల గోడకు మడిమ ఆనిచ్చి కాగితం మీద నిలబడి పెద్ద వేలి కాడ గీత గీసి స్కేలు పెట్టు. రెండు కాళ్లకు చెయ్యి, చానామందికి ఒక కాలు ఇంకోదానికన్న కొంచెం పెద్దగుంటది, పెద్దకాలు లెక్కనే కొనాలె.

ఇగ అసలు కష్టం పొడుగుల కాదు, వెడల్పుల ఉంది. మనోళ్లయి వెడల్పు పాదాలు. ఇది నేను అనే మాట కాదు, చెన్నైల ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ అంటరు, వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాక దేశంల 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్ల కొలిచిండ్రు. మన పాదాలు వెడల్పు అని తేలింది, దాన్నిబట్టి మనకు మనమే "భ" అనే సైజు పద్ధతి తయారుజేసిండ్రు, భారత్‌ల భ అన్నట్టు. వెడల్పు పట్టక మనోళ్లు ఏం చేస్తరంటె ఒక నంబర్ పెద్దది తీసుకుంటరు, అప్పుడు ముంగట ఖాళీ మిగులుతది, మడిమ జారుతది, బొబ్బలెక్కుతయ్. చిన్నప్పటిసంది చెప్పులేకుండ తిరిగిన మా నాయిన అసొంటోళ్లకైతె ఇంకా కష్టం, ముని కాళ్లు ఇసనకర్ర లెక్క విచ్చుకొని ఉంటయ్. అసొంటోళ్లు ముంగట గుండ్రంగ ఉన్న బూటు చూడాలె, మొన దేలిన డిజైన్ జోలికే పోవద్దు.

బూటు కొననీకి పొద్దుమీకి పో. దినమంత తిరిగినంక కాళ్లు కొంచెం ఉబ్బుతయ్, పొద్దుగాల సరిపోయింది సాయంత్రానికి బిగుసుకుంటది. చలికాలం వేసుకునే సాక్స్ జేబుల పెట్టుకొని పో, దుకాణంల ఇచ్చే ఆ పల్చటి సాక్స్‌తోటి కాదు. వేసుకున్నంక నిలబడి చూడు, పెద్దవేలి ముంగట చేతి బొటనవేలి వెడల్పంత జాగ ఉండాలె. "వేసుకుంట పోతె లూజయితది" అని దుకాణమాయన అంటడు, మేం కూడ అన్నం. తోలు వెడల్పుల కొంచెం సాగుతది నిజమే, పొడుగుల మాత్రం ఇంచు కూడ సాగది.

బూట్లు తీసినంక సాక్స్ వాసనకు ఇంట్లోళ్లు బయటికి గెంటుతున్నరు.

చెమటకు వాసన ఉండది, దాన్ని తినే బ్యాక్టీరియాతోటి వస్తది. తడి ఉన్నంతసేపు అవి పెరుగుతయ్. కాటన్ సాక్స్ మంచియి అనుకుంటం గని అవి చెమట పీల్చుకొని అట్లనే పట్టుకుంటయ్, మధ్యాహ్నం తడిసిన సాక్స్ రాత్రి బండి మీద మంచుగడ్డ అయితది. ఉన్ని కలిసిన సాక్స్ మేలు, తడిసినా కొంత వెచ్చగ ఉంటది, వాసన కూడ తక్కువ. చలికాలం రాంగనే రోడ్డు పక్కన స్వెటర్లు, మంకీ క్యాపులు పెట్టుకొని అమ్మేటోళ్ల కాడ దొరుకుతయ్, బేరం చెయ్యి.

ఇయ్యాల వేసిన జత రేపు వెయ్యకు, లోపల తడి ఆరనీకి ఒక దినం ఇయ్యి. అప్పటిదాక పాత పేపర్ ఉండ చేసి లోపల కుక్కు, తడి గుంజుతది. ఎండల పెట్టుడు, పొయ్యి కాడ పెట్టుడు వద్దు, తోలు అప్పడం లెక్క బిగుసుకపోయి పగులుతది. నీడకు, గాలికి పెట్టు.

ప్యాంటు మీదికి ఎట్ల వేసుకుంటె బాగుంటది? ఫోటోల్ల ఉన్నట్టు నాకు వస్తలేదు.

ఫోటోల ఉన్నాయనకు ఆరడుగులు ఉంటది తమ్మి. మన దిక్కు మామూలు ఎత్తు ఉన్నోళ్లకు చెప్తున్న: బూటు రంగు, ప్యాంటు రంగు దగ్గరదగ్గర ఉంటె కాలు పొడుగు కనవడతది. నల్ల జీన్స్ మీద నల్ల చెల్సీ, ఇగ దాన్ని ఎవ్వలు ఖరాబు చెయ్యలేరు. లేత నీలం జీన్స్ మీద ముదురు బూటు వేసి ప్యాంటు లోపలికి దోపితె మోకాలు కాడికే మనిషి అయిపోయినట్టు కనవడతది.

ప్యాంటు అంచు బూటు పైభాగానికి జర ఆనాలె, అంతే. కింద రెండు మూడు ముడతలు కుప్పపడితె టైలర్ కాడికి పోయి ఒక ఇంచు తగ్గిచ్చుకో, కొత్త బూటు కన్న ఆ 50, 60 రూపాయల పని ఎక్కువ తేడా చూపిస్తది. నిజం చెప్తున్న, దుకాణంల బూటు బాగలేదని వాపస్ తెచ్చినోళ్లల్ల సగం మందికి బూటు బాగనే ఉంటుండె, ప్యాంటే బాగలేకుండె.

చుక్కా బూటు అని ఉంటది, చీలమండ దాక వచ్చి రెండు మూడు రంధ్రాలే ఉంటయ్. డెజర్ట్ బూటు అనేది కూడ దాని చుట్టమే, రెండో ప్రపంచయుద్ధం టైంల బర్మాల ఉన్న నేథన్ క్లార్క్ అనే ఇంగ్లీషు ఆఫీసర్, తోటి సైనికులు కైరో బజార్ల కుట్టిచ్చుకొని వేసుకున్న బూట్లు చూసి తర్వాత తన ఖాందాన్ కంపెనీల చేయించిండు. ఎడారి కోసం పుట్టిన డిజైన్ గాబట్టి పల్చగ ఉంటది, మన మధ్యాహ్నం ఎండకు అదే పడతది. చినోస్, అంటె పల్చటి కాటన్ ప్యాంట్ల మీద, అంగి బయటికి వేసుకున్నా దీని మీద బాగుంటది. తాళ్లు రెండు రంధ్రాలే గాబట్టి నేను ముందు చెప్పిన తాళ్ల సూత్రం దీనికి మాఫీ.

రంగు ఏది అంటె టాన్ గాని, మట్టి రంగు బ్రౌన్ గాని. నలుపు మీద మన దుమ్ము పట్టపగలు కనవడతది, హన్మకొండ చౌరస్త నుంచి వరంగల్ చౌరస్త దాక ఒక్కపారి పోయి రా, నల్ల బూటు బూడిద రంగు అయితది.

సువేడ్, అదే పైన నూగు లెక్క మెత్తగుండే తోలు, తీసుకోవచ్చా?

బాగుంటది. దుమ్ము పట్టుకుంటది, నీళ్ల చుక్క పడితె మరక పడతది. మెత్తటి బ్రష్ తోటి ఒక్క దిక్కే గీకే ఓపిక ఉంటె తీసుకో, చిన్న మరకలు పిల్లల తెల్ల రబ్బర్‌తోటి పోతయ్. నాకైతె ఓపిక లేదు.

అన్నా, ఆడపిల్లలకు కూడ చెప్పు. కుర్తా మీద, చీర మీద బూట్లు వేస్తె అదోతీరు కనవడతది కదా?

జీన్స్, పొడుగు కుర్తా, మీద శాలువ, కింద చీలమండ దాక వచ్చే బూటు, ఇది మంచిగ కుదురుతది చెల్లె. కుర్తా మోకాలు కింది దాక ఉంటె బూటు పొట్టిగ ఉండాలె, రెండు పొడుగైతె నడుమ ఏం కనవడది. పటియాలా, వెడల్పు పలాజోల కిందికి బూటు వద్దు, అక్కడ జూతీలు, సాక్స్ చాలు. పోచంపల్లి ఇక్కత్ కుర్తా అసొంటి డిజైన్ నిండుగ ఉన్నదానికి బూటు మీద బకిల్స్, గొలుసులు ఏం లేకుండ సాదా బ్రౌన్ వెయ్యి, రెండూ మాట్లాడితె ఎవ్వల మాట ఇనవడది.

చీర సంగతి నన్ను స్కూల్ టీచర్లు అడుగుతరు, పొద్దుగాల స్కూటీ మీద పరకాల, నర్సంపేట దిక్కు 30, 40 కిలోమీటర్లు పోయేటోళ్లు. మా వదిన ఒకామె చీర కింద పొట్టి బూటు వేస్తది, స్కూల్ల సంచిల నుంచి చెప్పులు తీసి మార్చుకుంటది. ఎవ్వలు నవ్వలే, ఇప్పుడు ఆ స్కూల్ల ముగ్గురు అట్లనే వస్తున్నరంట. హీల్ సంగతి జాగ్రత, సన్నటి హీల్ స్కూటీ ఫుట్‌బోర్డు మీద జారుతది, ఆపినప్పుడు కాలు కింద పెడితె గులకరాళ్లల్ల మడత పడతది. వెడల్పు బ్లాక్ హీల్, ఇంచు ఇంచున్నర దాటకుండ. చీర అంచు జిప్పుల పడకుండ జిప్పు లోపలి దిక్కు ఉన్నది చూడు.

లగ్గాలు అన్ని చలికాలమే ఉన్నయ్. షేర్వానీ, సూట్ మీదికి?

సూట్ మీద తాళ్లుండే ఆక్స్‌ఫర్డ్ గాని డెర్బీ గాని అంటరు పెద్ద పెద్దోళ్లు. నా మాట ఇనుండ్రి, లగ్గంల తాళ్ల షూ వద్దు. పీటల మీద కూసునేటప్పుడు విప్పాలె, మండపం ఎక్కేటప్పుడు విప్పాలె, ఆ నడుమ మరదండ్లు దాచిపెడతరు, వాటి కోసం బేరం. తాళ్లు లేని లోఫర్ గాని సాదా నల్ల చెల్సీ గాని వెయ్యి, చెల్సీ సూట్ కింద షూ లెక్కనే కనవడతది. రాత్రి బరాత్‌ల ఓపెన్ జీపు మీద ఇగం పెడుతుంటె ఆ చెల్సీ విలువ తెలుస్తది. షేర్వానీ మీద మాత్రం మోజ్రీనే, లోపల చర్మం రంగు పల్చటి సాక్స్ వేసుకో, ఎవ్వలకు తెల్వది.

ఫంక్షన్ హాల్ బయట అందరియి ఒక్కతీరు నల్ల షూలే ఉంటయ్, మారిపోతయ్. లోపల నాలుక మీద పెన్నుతోటి గుర్తు పెట్టుకో.

మేడారం జాతరకు, ట్రిప్పులకు బూట్లు పనికొస్తయా?

మేడారానికి వద్దే వద్దు. జంపన్న వాగుల తానం, ఇసుక, దుమ్ము, జనం, అక్కడ బూటు వేసుకొని పోతె అది నిన్ను మోసుడు కాదు, నువ్వే దాన్ని చేతుల మోస్తవు. వెనుక పట్టీ ఉన్న సాండల్స్ వేసుకొని పో, రాత్రికి ఒక జత సాక్స్. అసలు జాతర అంటె ఒట్టి కాళ్ల మీది సంగతి, కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశమోళ్లు పుష్య మాసం చలిల చెప్పులు లేకుండనే నడుసుకుంట పోయి గోదావరి నీళ్లు తెస్తరు. మనం సాక్స్ మందం గురించి మాట్లాడుకుంటున్నం.

లక్నవరం, పాకాల, కుంటాల దిక్కు పోయేటట్టయితె పట్టు ఉన్న రబ్బర్ సోల్ షూ చాలు. తడిసిన బండల మీద మాత్రం ఏ సోల్ అయినా జారుతది, నీళ్ల కాడ రీల్స్ వద్దు. మనాలి పోయేటోళ్లు మంచు బూట్లు కొని తీసుకపోవద్దు, సోలాంగ్, రోహ్‌తంగ్ పోయే తొవ్వల కోటు, బూట్లు కిరాయికి ఇస్తరు. నీ సాక్స్ నువ్వు తీసుకపో, అంతకుముందు ఆ బూటు ఎంతమంది వేసిండ్రో ఎవ్వలకు తెలుసు.

అమెరికాకు ఎమ్మెస్‌కు పోతున్న, జనవరి ఇంటేక్. మంచు బూట్లు ఇక్కడ కొనాల్నా అక్కడ కొనాల్నా?

ఇది ఇప్పుడు వరంగల్‌ల ఎక్కువమంది అడిగే ప్రశ్న, ఇంటికి ఒక్కలు పోతున్నరు. అక్కడనే కొను. మన దుకాణాల్ల వింటర్ బూట్లు అని అమ్మేటియి ఎక్కువ శాతం చూపుకే, లోపల ఇంత బొచ్చు అంటిచ్చి పైన రెగ్జిన్, నీళ్లు ఆగయ్. సోల్ కూడ చానా వాటిది గట్టి ప్లాస్టిక్ అసొంటిది, చలికి ఇంకింత గట్టిపడి మంచు మీద స్కేటింగ్ అయితది. మెత్తటి రబ్బర్, లోతు గాడులు ఉన్నది కావాలె.

గని దిగంగనే మొదటి రెండు రోజులకు ఏదో ఒకటి కావాలె కదా, ఏర్‌పోర్టు బయట చికాగోనో బఫెలోనో అయితె మైనస్‌ల ఉంటది. దానికి గట్టి లెదర్ బూటు ఒకటి, ఉన్ని సాక్స్ రెండు మూడు జతలు ఇక్కడి నుంచి తీసుకపో, సూట్‌కేసుల బరువు కాకుండ కాళ్లకే వేసుకొని పో. శంషాబాద్‌ల కొంచెం ఉక్కపోస్తది, ఓర్సుకో.

అక్కడ కొనేటప్పుడు మూడు సంగతులు. ఒకటి, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉండాలె, వాటర్ రెసిస్టెంట్ అంటె జల్లు ఆపుతది, కరిగిన మంచుల నిలబడితె ఆపది. గోర్‌టెక్స్ అసొంటి పొర ఉంటె లోపలి ఆవిరి బయటికి పోతది, బయటి నీళ్లు లోపలికి రావు, ఖరీదు ఎక్కువ. రెండు, డబ్బా మీద 200 గ్రాములు, 400 గ్రాములు అని ఉంటె అది బూటు బరువు కాదు, లోపల వెచ్చదనం కోసం పెట్టిన మెటీరియల్ చదరపు మీటర్‌కు ఎంత అని. క్లాసుకు, బస్‌స్టాపుకు నడిచేటోళ్లకు 200 చాలు, మంచుల గంటలకొద్ది నిలబడే పని అయితె 400. మైనస్ 30 దాక పనిచేస్తది అని రాసుకునేటియి మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన రాస్తది, వాటిని చూసి మురవకు. మూడు, మందం సాక్స్ వేసినంక కూడ లోపల వేళ్లు ఆడాలె. బిగుతుగ ఉంటె రక్తం ఆడది, గాలికి జాగ ఉండది, బిగుతు బూటుల రెండు సాక్స్ వేస్తె ఒక్కటి వేసినదానికన్న ఎక్కువ చలేస్తది.

అక్కడ రోడ్ల మీద మంచు కరగనీకి ఉప్పు చల్లుతరు. ఆ ఉప్పునీళ్లు ఎండితె బూటు మీద తెల్ల చారలు పడి తోలు పగులుతది. ఇంటికి రాంగనే తడిగుడ్డతోటి తుడువు, చారలు పోకపోతె నీళ్లల్ల కొంచెం వెనిగర్ కలిపి తుడువు. అక్కడ కూడ ఇంట్ల చెప్పులు బయటనే విడువు, నీ రూమ్మేట్లు ఎట్లా మనోళ్లే ఉంటరు.

నాయినకు షుగర్ ఉంది. కాళ్లు చల్లగున్నయ్ అంటడు, బూటు కొనియ్యాల్నా?

మొదలు డాక్టర్‌కు చూపియ్యి. షుగర్ ఎక్కువకాలం ఉన్నోళ్లకు కాళ్ల నరాలు దెబ్బతింటయ్, చల్లగ, మంటగ, తిమ్మిరిగ అనిపిస్తది, బయటి చలికి సంబంధం లేకుండ కూడ. దెబ్బ తాకినా తెల్వది. అందుకే బిగుతు బూటు అసలే వద్దు, లోపల కుట్లు వేలికి తగిలేది వద్దు, మెత్తగ, వెడల్పుగ, ముంగట మూసి ఉన్న షూ, బిగుతు రబ్బరు లేని సాక్స్. వేసుకునే ముందట చెయ్యి పెట్టి లోపల రాయి గిట్ల ఉందేమో చూడమను, రాత్రి పాదాలు చూడమను. ఊర్లల్ల చలిమంట కాడ కాళ్లు పెట్టి కూసుంటరు, కాలుతున్నా తెల్వక పుండ్లయితయ్, అది ఆపు.

ఊర్లె ఉండే ఎవ్వలకైనా ఇంకో మాట. అరుగు మీద, గొడ్లకొట్టం కాడ రాత్రి విడిసిన బూట్లల్ల తేళ్లు, జెర్రులు వెచ్చగ పండుకుంటయ్. దులిపి వేసుకోవాలె.

మడిమలు పగులుతున్నయ్. బూటు వేస్తె తగ్గుతయా?

గాలి తగలకుంటె కొంత తగ్గుతయ్. రాత్రి కాళ్లు కడిగి తుడిసి వ్యాజిలిన్ పెట్టి కాటన్ సాక్స్ వేసుకొని పండుకో, వారంల తేడా తెలుస్తది.

సింగరేణి సేఫ్టీ బూట్లు ఇంట్ల ఉన్నయ్, బండి మీద వేసుకోవచ్చా?

భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు పోరగాండ్లు ఇదే అడుగుతరు. వేసుకోవచ్చు గని ముంగట ఇనుప టోపీ ఉంటది లోపల, పైగ బరువు, గేరు కింద కాలు పట్టది. మైన్ల పనికి చేసింది మైన్లనే ఉండని.

ఎంత పెట్టాలె? ఎక్కువ ధర పెడితె ఎక్కువ కాలం వస్తదా?

ఒకకాడి దాకనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు జతకు జీఎస్టీ 5 శాతం, అది దాటితె 18 శాతం, అందుకే 2,500 లోపల చానా మోడల్స్ కనవడతయ్, 2,600, 2,700 ధర చెప్తె ఆగి ఆలోచించు. పైసలు పెట్టేదుంటె సోల్ మీద పెట్టు. గమ్‌తోటి అతికిచ్చిన సోల్ ఊడితె మళ్ల అతికిచ్చుడే, చుట్టూ కుట్టిన సోల్ అయితె అరిగినంక తీసి కొత్తది కుట్టిచ్చుకోవచ్చు. కొన్నింటికి గమ్ మీద ఉత్తగ కుట్టు లెక్క గీతలు అచ్చు గుద్దుతరు, గోరుతోటి గీకి చూడు.

సోల్ లేసిపోతె చిన్న ట్యూబుల వచ్చే ఇన్‌స్టంట్ గమ్ పెట్టకు, అది రాయి లెక్క గట్టిపడి సోల్ వంగేకాడ మళ్ల విరుగుతది, ఆ తర్వాత అసలు గమ్ కూడ పట్టది. బస్టాండ్ కాడ చెట్టు కింద కూసునే చెప్పులు కుట్టే కాక కాడికి పో. గమ్ పెట్టి, చుట్టూ తాడుతోటి కుట్టు వేస్తడు, కంపెనీ కుట్టు కన్న అదే గట్టి.

ఎండాకాలం ఎట్ల దాచాలె? పోయిన ఏడాది బూటు తీస్తె సోల్ పిండి పిండి అయ్యింది.

ఇది నాకు కూడ అయ్యింది, అది కూడ లగ్గంల. నాలుగేండ్ల కింద సజ్జ మీద డబ్బాల పెట్టిన బూటు, రెండుసార్లే వేసిన, కొత్తగనే ఉంది కదా అని మా చిన్నాయన బిడ్డ పెండ్లికి వేసుకొని పోయిన. హాల్ల నడుస్తుంటె వెనుక నల్లటి ముక్కలు పడుతున్నయ్, ఎవ్వలో కేకు పారేసిండ్రు అనుకున్న. చూస్తె నా సోలే. బంతిల కూసునేటాళ్లకు ఒక కాలి కింద ఏం మిగలలే, బావ చెప్పులేసుకొని ఇంటికొచ్చిన.

పీయూ సోల్ అంటె గట్లనే. గాలిల తేమ మెల్లమెల్లగ దాని లోపల కెమికల్ బంధాలను తెంపుతది, వాడకుండ డబ్బాల మూసిపెడితె ఇంకా తొందరగ. వాడుకుంట ఉంటె ఎక్కువ కాలం వస్తది, ఇదే గమ్మత్తు. రబ్బర్ సోల్, ఈవీఏ అనే తేలికటి నురగ అసొంటి సోల్‌కు ఈ రోగం లేదు. అందుకే దాచిపెట్టుకొని అప్పుడప్పుడు వేసుకుందాం అనే ఆలోచన ఉంటె పీయూ సోల్ కొననే కొనకు.

తోలు బూటు అయితె ఫిబ్రవరి ఆఖరుకు తుడిసి, మైనం పాలిష్ పల్చగ పెట్టి, లోపల పేపర్ కుక్కి, గుడ్డ సంచిల పెట్టు. ప్లాస్టిక్ కవర్ల కట్టకు, వానకాలం బూజు పడతది. ఆ చిన్న సిలికా జెల్ పొట్లాలు పారెయ్యక లోపల ఎయ్యి, పిల్లలకు అందకుండ. కొబ్బరినూనె రుద్దుతరు మనోళ్లు, కొంచెం మెత్తబడతది గని రంగు నల్లబడతది, దుమ్ము అంటుకుంటది. వానలు పడ్డంక నెలకొకసారి బయటికి తీసి గాలికి పెట్టు, అట్లనే ఇంట్లనే నాలుగు అడుగులు ఏసుకొని నడువు.

వాసన పోనీకి షూలు డీప్ ఫ్రిజ్‌ల పెట్టాలె అని ఒక వీడియోల చూసిన, నిజమేనా?

ఆ చల్లదనానికి బ్యాక్టీరియా చావది, పండుకుంటది, బయటికి తీసి వేసుకోంగనే మళ్ల లేస్తది. మీ అవ్వ చూసిందంటె మాత్రం ఆ షూలతోనే కొడతది.